గర్భంలో బరువు: ఎక్కడ మొదలైంది, ఏ నెలలో ఏ హార్మోన్ పెంచుతుంది, మనం ఏం చేయాలి

కడుపుతో ఉన్నప్పుడు ఎన్ని కిలోలు పెరగాలని అడిగితే మన ఊళ్లలో వచ్చే జవాబు "పదో, పన్నెండో". అది కొందరికి సరిపోతుంది, కొందరికి తక్కువ, ఇంకొందరికి బాగా ఎక్కువ. ఎవరికెంత అన్నది గర్భం రాకముందు ఉన్న బరువును బట్టి ఉంటుంది. ఏ నెలలో ఎంత పెరుగుతారు, అందులో కొవ్వెంత, నీరెంత అన్నది చాలావరకు హార్మోన్ల పని. ఈ రెండూ తెలిస్తే తల్లీబిడ్డల కార్డులో ఏఎన్ఎం రాసే అంకెను మీరే చదువుకోగలరు. మొత్తం ఎంత పెరిగారన్నదానికంటే ఏ వారానికి ఎంత చొప్పున పెరుగుతున్నారన్నదే ముఖ్యం.

మొదటి పని: మొదలు బరువు తేల్చుకోండి

గర్భం రాకముందు నెల రెండు నెలల్లో తూగిన బరువు గుర్తుంటే అదే మొదలు. లేకపోతే 12 వారాల లోపు తూగిన బరువును మొదలుగా పెట్టుకోండి. నాలుగో నెల దాటాక మొదటిసారి తూగితే లెక్క తప్పుతుంది. నెల తప్పిందని తెలియగానే ఆశా కార్యకర్తకు చెప్పి పేరు రాయించుకోమనడానికి ఇదొక పెద్ద కారణం.

తర్వాత బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె. బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో రాసుకుని, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 152 సెం.మీ. ఎత్తు, 45 కిలోలు ఉన్నావిడకు 45ను 1.52తో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ 1.52తో భాగిస్తే సుమారు 19.5. 150 సెం.మీ. ఎత్తు, 62 కిలోలు అయితే 27.6. ఎత్తును చెప్పులు విప్పి, గోడకు ఆనుకుని కొలిపించుకోండి. అంచనాగా "ఐదడుగులు" అని రాయించేస్తే బీఎంఐ ఒక మెట్టు అటో ఇటో పోతుంది.

ఒక బిడ్డే ఉన్నప్పుడు, తొమ్మిది నెలలకూ కలిపి పెరగాల్సిన బరువుకు అమెరికా వైద్య సంస్థ 2009లో ఇచ్చిన కొలతలనే ప్రపంచమంతా ఎక్కువగా వాడుతున్నారు:

- బీఎంఐ 18.5 కంటే తక్కువ: 12.5 నుంచి 18 కిలోలు. నాలుగో నెల నుంచి వారానికి సుమారు అరకిలో.
- 18.5 నుంచి 24.9: 11.5 నుంచి 16 కిలోలు. వారానికి సుమారు 400 గ్రాములు.
- 25 నుంచి 29.9: 7 నుంచి 11.5 కిలోలు. వారానికి సుమారు 300 గ్రాములు.
- 30, ఆ పైన: 5 నుంచి 9 కిలోలు. వారానికి 200 గ్రాముల పైచిలుకు.

మన దేశంలో ప్రభుత్వ ఏఎన్ఎంలకు నేర్పే లెక్క ఇంకాస్త సాదాగా ఉంటుంది: మొత్తం 9 నుంచి 11 కిలోలు, మూడు నెలలు దాటాక నెలకు సుమారు 2 కిలోలు. రెండు లెక్కలు వేరువేరుగా కనిపించినా గొడవేమీ లేదు. మనవాళ్లలో ఎత్తు తక్కువ, కొవ్వు పాలు ఎక్కువ. అందుకే భారతీయులకు బీఎంఐ 23 దాటగానే అధిక బరువుగా లెక్కిస్తారు. మీది 23కు, 25కు మధ్య ఉంటే 16 కిలోల దాకా పోకుండా 11.5 దగ్గర్లో ఉండేట్టు చూసుకోవడం మంచిదని మా అభిప్రాయం. కవలలైతే ఈ అంకెలేవీ వర్తించవు, మామూలు బరువున్న తల్లికే 17 నుంచి 25 కిలోలు అవసరం.

మొదలు బరువు ఇంత తేడా ఎందుకు తెస్తుందంటే, కొవ్వు ఊరికే పడి ఉండే నిల్వ కాదు. అది కూడా హార్మోన్లు తయారు చేస్తుంది. లెప్టిన్ అనే హార్మోన్ అక్కడిదే, ఈస్ట్రోజెన్ కొంత అక్కడ తయారవుతుంది. రక్తంలోని చక్కెరను కణాల్లోకి పంపే హార్మోన్ ఇన్సులిన్. కొవ్వు ఎక్కువున్న ఒంట్లో దాని మాట కణాలు సరిగా వినవు. దీన్నే ఇన్సులిన్ నిరోధకత అంటారు. లావుగా ఉన్నావిడ గర్భంలోకి ఆ నిరోధకతతోనే అడుగుపెడుతుంది, ఏడో నెలలో మాయ (ప్లాసెంటా) తెచ్చే నిరోధకత దానిమీద వచ్చి పడుతుంది. నిల్వ ముందే ఉంది కాబట్టి ఆమె కొత్తగా కొవ్వు కూడబెట్టాల్సిన అవసరమూ తక్కువే. సన్నంగా ఉన్నావిడ సంగతి వేరు. చివరి మూడు నెలల్లో బిడ్డకు, ఆ తర్వాత పాలకు ఖర్చుపెట్టాల్సిన కొవ్వు ఆమె దగ్గర లేదు. అది నాలుగు నుంచి ఆరో నెల లోపే కూడాలి. కూడకపోతే బిడ్డ రెండున్నర కిలోల లోపు పుట్టే ప్రమాదం పెరుగుతుంది. "బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టం" అని ఇలాంటి సన్నటి కోడలికి తిండి తగ్గించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి. తిండి తగ్గిస్తే ముందు తగ్గేది తల్లి రక్తం, బలం.

రెండో పని: సరిగ్గా తూగండి

అంకె తప్పైతే మిగతాదంతా తప్పే. వారానికి ఒకసారి చాలు, రోజూ వద్దు. ఒంట్లో నీటి తేడాలే రోజుకు అరకిలో, కిలో ఆడిస్తాయి, ఊరికే భయం. వారంలో ఒకే రోజు, పొద్దున్నే, మూత్రానికి పోయొచ్చి, ఏమీ తినకముందు, నైటీ లాంటి తేలిక బట్టల్లో తూగండి. పట్టుచీర, గాజులు, గొలుసులతో తూగితే కిలో పైనే తేడా వస్తుంది.

మన ఇళ్లలో కడప బండల నేల ఎక్కువ. డిజిటల్ మిషన్ నాలుగు కాళ్లూ ఒకే బండమీద ఉండాలి, రెండు బండల సందుమీద పెడితే అంకె ఊగుతుంది. చాపమీద, దుప్పటిమీద పెట్టకూడదు. మిషన్ సరిగా చెబుతోందో లేదో చూడాలంటే ఇంట్లో ఇంకొకరు ముందు ఉత్త చేతులతో తూగి, తర్వాత విప్పని 5 కిలోల గోధుమపిండి సంచి పట్టుకుని తూగాలి. తేడా ఐదు కిలోలకు దగ్గరగా రావాలి.

ఒక నోటుబుక్కులో తేదీ, ఎన్నో వారం, బరువు, మొదలు బరువుతో తేడా రాసుకోండి. ఆసుపత్రి మిషన్ అంకెను, ఇంటి మిషన్ అంకెను ఒకే వరుసలో కలిపి రాయకండి.

ఏ నెలలో ఏ హార్మోన్ ఏం చేస్తుంది

మొదటి మూడు నెలల్లో అరకిలో నుంచి రెండు కిలోలు పెరగొచ్చు, ఏమీ పెరగకపోవచ్చు, కిలో రెండు కిలోలు తగ్గొచ్చు కూడా. హెచ్‌సీజీ అనే హార్మోన్ 8 నుంచి 11 వారాల మధ్య పతాక స్థాయికి చేరుతుంది. వేవిళ్లు ముదిరేది కూడా సరిగ్గా అప్పుడే. ఈ దశలో ఎక్కువ తినాలన్న తాపత్రయం అక్కర్లేదు, బిడ్డ ఇంకా వేలెడంతే. లేవగానే నాలుగు బొరుగులో, ఎండు రొట్టె ముక్కో నమిలి, పావుగంటాగి మంచం దిగితే కడుపు కొంచెం కుదుటపడుతుంది. రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా తినండి, నీళ్లు తిండితో కాకుండా మధ్యలో తాగండి. మొదలు బరువులో నూటికి ఐదు పాళ్లకు మించి తగ్గినా (50 కిలోలున్నావిడకు రెండున్నర కిలోలు), మూత్రం ముదురు రంగులో కొద్దిగా వస్తున్నా, నీళ్లు కూడా నిలవకపోయినా అది మామూలు వేవిళ్లు కాదు, సెలైన్ అవసరం పడొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రొజెస్టెరాన్ మొదటి నుంచి చివరిదాకా ఉంటుంది. గర్భసంచి ముడుచుకోకుండా పట్టి ఉంచేది అదే. కానీ ఆ సడలింపు పేగులకూ తగులుతుంది. తిన్నది నెమ్మదిగా కదులుతుంది, గ్యాసు, ఎదలో మంట, మలబద్ధకం వస్తాయి. ఆకలినీ పెంచుతుంది. కడుపు బిగదీసినట్టు ఉండి అంకె ఒక కిలో ఎక్కువ చూపితే అది కొవ్వని కంగారుపడి అన్నం మానేయకండి. ఆకుకూర, జొన్నరొట్టె, మజ్జిగ, నడక చూసుకోండి.

నాలుగు నుంచి ఆరో నెల దాకా తల్లి ఒళ్లు కూడబెట్టే కాలం. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ కలిసి క్లోమం నుంచి ఇన్సులిన్ ఎక్కువ వచ్చేట్టు చేస్తాయి. తిన్నదాంట్లో మిగిలినది తొడల్లో, నడుములో కొవ్వుగా చేరుతుంది. ఇది లోపం కాదు, ప్రకృతి ఏర్పాటు. లెప్టిన్ మామూలు మనిషికి "ఇక చాలు" అని మెదడుకు చెబుతుంది. గర్భంలో అది రక్తంలో పెరుగుతుంది గానీ మెదడు దాని మాట వినడం తగ్గిస్తుంది. అందుకే కడుపు నిండా తిన్న గంటకే మళ్లీ ఆకలి. ఆ ఆకలిని తిట్టుకోకండి, దానికి ఏం పెడుతున్నారన్నదే చూసుకోండి.

రక్తం ఈ కాలంలోనే బాగా పెరుగుతుంది, చివరికి మామూలు కంటే 40 నుంచి 50 శాతం ఎక్కువవుతుంది. పన్నెండున్నర కిలోలు పెరిగినావిడలో బిడ్డ మూడు కిలోల పైచిలుకే. మాయ ముప్పావు కిలో లోపు, ఉమ్మనీరు సుమారు 800 గ్రాములు, గర్భసంచి కిలో, రక్తం కిలోన్నర దాకా, ఒంట్లో చేరే నీరు ఇంకో కిలోన్నర, కాస్త రొమ్ములది, మిగిలిన మూడు కిలోల పైచిలుకు కొవ్వు.

ఏడో నెల దగ్గర మలుపు ఉంది. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. మాయ పెద్దదయ్యేకొద్దీ ప్లాసెంటల్ లాక్టోజెన్, మాయ నుంచే వచ్చే గ్రోత్ హార్మోన్, వాటితోపాటు కార్టిసాల్ పెరిగి తల్లి కణాలకు ఇన్సులిన్ పనిచేయకుండా అడ్డుపడతాయి. తల్లి కొవ్వు కరిగించుకుని బతకాలి, చక్కెర బిడ్డకు మిగలాలి అన్నది ఆ ఏర్పాటు వెనక ఉన్న సంగతి. చివరి నెలలకు ఇన్సులిన్ ప్రభావం సగం దాకా పడిపోతుంది, క్లోమం రెట్టింపు పైన ఇన్సులిన్ తయారు చేయాలి. చేయగలిగితే షుగర్ మామూలుగానే ఉంటుంది. చేయలేకపోతే గర్భిణి షుగర్ వస్తుంది. తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు పోతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. ఆ చక్కెరకు బిడ్డ తన సొంత ఇన్సులిన్ తయారు చేసుకుంటుంది, దాంతో కొవ్వు పట్టి భుజాలు, పొట్ట పెద్దవవుతాయి. కాన్పులో భుజం ఇరుక్కోవడం, పుట్టగానే బిడ్డకు చక్కెర పడిపోవడం ఇందువల్లే.

మన వైపు తొలి కాన్పు ఆడపిల్లకు ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తీసుకుపోతారు. అంటే ఒళ్లు చక్కెరను తట్టుకోలేని నెలలోనే ఓళిగలు, లడ్లు, పాలకోవా వరసకడతాయి. ఊరు మారుతుంది, తూకం మిషన్ మారుతుంది, ఏఎన్ఎం మారుతుంది. నోటుబుక్కు అత్తింట్లో ఉండిపోతుంది. పని తగ్గుతుంది, కూతురు అలసిపోయిందని అమ్మ కూర్చోబెట్టి పెడుతుంది. ఆ ప్రేమను ఎవరూ తప్పుపట్టరు. కానీ మూడు పనులు చేయండి: కార్డు, నోటుబుక్కు వెంట తీసుకెళ్లండి. పుట్టింటికి చేరిన మరునాడే అక్కడి మిషన్‌మీద తూగి, అక్కడినుంచి కొత్త వరుస మొదలుపెట్టండి. సీమంతానికి ముందే, అంటే 24 నుంచి 28 వారాల మధ్య, షుగర్ పరీక్ష అయిపోవాలి.

షుగర్ పరీక్ష ఎలా

మన ప్రభుత్వ పద్ధతిలో మొదటి చెకప్‌లో ఒకసారి, అది బాగుంటే 24 నుంచి 28 వారాల్లో మరోసారి చేస్తారు. తిని వచ్చినా, తినకుండా వచ్చినా ఫర్వాలేదు. 75 గ్రాముల గ్లూకోజ్‌ను సుమారు 300 మి.లీ. నీళ్లలో కలిపి 5 నుంచి 10 నిమిషాల్లో తాగాలి, రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. 140, ఆ పైన వస్తే గర్భిణి షుగర్ ఉన్నట్టే. తాగిన అరగంట లోపు వాంతి అయితే ఆ పరీక్ష చెల్లదు, మరునాడు మళ్లీ చేయించాలి. ఆ రెండు గంటలూ కూర్చునే ఉండండి, సందులో బజారుకు తిరిగిరావద్దు. ముందు కాన్పులో పెద్ద బిడ్డ పుట్టినా, పీసీఓఎస్ (అండాశయాల్లో వచ్చే హార్మోన్ల తేడా) ఉన్నా, ఇంట్లో అమ్మానాన్నలకు షుగర్ ఉన్నా, బీఎంఐ 25 దాటినా మొదటి చెకప్ పరీక్షను ఎట్టి పరిస్థితుల్లో వదలొద్దు.

షుగర్ ఉందని తేలితే ముందు రెండు వారాలు తిండి, నడకతో చూస్తారు. తిన్న రెండు గంటలకు 120 లోపు, పరగడుపున 95 లోపు ఉండాలి. అలా రాకపోతే మాత్రలో, ఇన్సులినో మొదలుపెడతారు. ఇన్సులిన్ అంటే జీవితాంతం పట్టుకునేదన్న భయంతో చాలామంది చివరిదాకా వాయిదా వేస్తారు. గర్భిణి షుగర్‌లో చాలామందికి కాన్పు కాగానే, మాయ బయటపడగానే దాని అవసరం తీరిపోతుంది.

థైరాయిడ్ మాట

బరువు పెరిగితే వెంటనే థైరాయిడ్ అనుకోవడం అలవాటైపోయింది. థైరాయిడ్ తక్కువైతే వచ్చే బరువు నిజానికి కొద్ది కిలోలే, అందులో చాలావరకు ఉప్పూ నీరే. పరీక్ష చేయించేది ప్రధానంగా బిడ్డ మెదడు కోసం. ముందునుంచి మాత్ర వేసుకునేవారికి గర్భం రాగానే మోతాదు పెంచాల్సి వస్తుంది, కాబట్టి నెల తప్పిన వారంలోనే డాక్టరుకు చెప్పండి. ఎక్కువగా జరిగే పొరపాటు థైరాయిడ్, ఐరన్, కాల్షియం మాత్రలన్నీ పొద్దున్నే ఒకేసారి మింగడం. ఐరన్, కాల్షియం కలిస్తే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టదు. పొద్దున ఆరింటికి థైరాయిడ్, మధ్యాహ్నం అన్నంతో ఒక కాల్షియం, సాయంత్రం నాలుగున్నరకు ఐరన్, రాత్రి అన్నంతో రెండో కాల్షియం. ఐరన్‌తో టీ వద్దు, జామకాయో నిమ్మరసమో మంచిది.

మూడో పని: తిండిని సరిచేయండి

నాలుగో నెల నుంచి అదనంగా కావాల్సింది రోజుకు సుమారు 350 కేలరీలు. ఇద్దరికి సరిపడా తినాలనడం ఇక్కడే తప్పుతుంది. 350 అంటే ఒక గ్లాసు పాలు (200 మి.లీ.), ఒక ఉడికించిన గుడ్డు, గుప్పెడు (30 గ్రాములు) చెనక్కాయలు. అంతే. నెయ్యితో రెండు ఓళిగలు తింటే ఆ లెక్క దాటిపోతుంది, ఒంటికి దక్కే మాంసకృత్తులు మాత్రం చాలా తక్కువ. పాలు, గుడ్డు, చెనక్కాయలు కలిస్తే 20 గ్రాముల దాకా మాంసకృత్తులు వస్తాయి. చివరి మూడు నెలలకు జాతీయ పోషకాహార సంస్థ చెప్పే అదనం 22 గ్రాములు, దాదాపు ఇదే. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, పాలు ఇంట్లో అందరికీ పంచకుండా కడుపుతో ఉన్నావిడే తింటే ఈ అవసరం చాలావరకు అక్కడే తీరుతుంది.

బీఎంఐ 25 దాటినవారికి కూడా తిండి మానడం వద్దు, బరువు తగ్గే ప్రయత్నం అసలు వద్దు. అదనంగా కావాల్సింది పాలు, గుడ్డు, పప్పులతోనే నింపి, తీపి, నూనె, రెండోసారి వడ్డించుకునే అన్నం తగ్గిస్తే చాలు.

రాగి సంగటి మంచిదే, కానీ "రాగి కదా, ఎంతైనా తినొచ్చు" అనుకోవద్దు. సంగటిలో బియ్యం ఉంటుంది, నమలకుండా మింగేస్తాం, పెద్ద ముద్ద తెలియకుండానే దిగిపోతుంది. మీ పిడికిలంత ముద్ద, దానికి సమానంగా పప్పో గుడ్డో కోడికూరో, దానికి రెట్టింపు కాయగూరలు లేదా ఆకుకూర. ఊరిబిండి రెండు చెంచాలు చాలు, దాంట్లో చెనక్కాయల నూనె ఎక్కువ. పొద్దున ఉగ్గాని (బొరుగుల ఉప్మా), బజ్జీ తినే అలవాటుంటే ఉగ్గానిలో పుట్నాల పొడి దట్టంగా వేసుకుని బజ్జీల బదులు గుడ్డు పెట్టుకోండి. బొరుగులు తొందరగా అరిగి షుగర్‌ను పెంచుతాయి, తోడు లేకుండా వాటితోనే కడుపు నింపకూడదు. సన్నగా ఉండి బరువు పెరగనివారు అన్నం గిన్నె పెద్దది చేసుకునేకంటే మధ్యలో రెండు పూటలు చేర్చుకోవడం మేలు: పదకొండింటికి అలసంద గుగ్గిళ్లు, సాయంత్రం బెల్లం వేసిన రాగిజావలో పాలు.

తిన్నాక పదిహేను నిమిషాలు నడిస్తే ఆ పూట చక్కెర తగ్గుతుంది. కండరం నడిచేటప్పుడు ఇన్సులిన్‌తో పెద్దగా పని లేకుండానే చక్కెర లాక్కుంటుంది. వారానికి మొత్తం 150 నిమిషాలు లక్ష్యం. ఎండాకాలం కర్నూలులో, కడపలో పొద్దున ఏడులోపు లేదా దీపాలు పెట్టాకే బయట నడవండి, మధ్యాహ్నం ఇంట్లోనే. రక్తస్రావం, మాయ కిందకుండటం, గర్భసంచి ద్వారానికి కుట్టు లాంటివి ఉంటే డాక్టరును అడగకుండా నడక పెంచొద్దు.

అంకె చెడినప్పుడు

మూడు నెలలు దాటాక రెండు వారాలు వరసగా పెరగకపోతే లేదా తగ్గితే: వాంతులు, జ్వరం, మూత్రంలో మంట, రక్తహీనత చూపించుకోండి. బిడ్డ ఎదుగుదలను పొట్ట కొలతతో, అవసరమైతే స్కానింగ్‌తో చూస్తారు.

నెలకు 3 కిలోలు దాటి పెరిగితే మూడు అనుమానాలు: బీపీ, షుగర్, కవలలు. ఆ మూడూ కాదని తేలాకే తిండి సంగతి మాట్లాడాలి.

వేసవిలో సాయంత్రానికి పాదాలు ఉబ్బి, రాత్రి కాళ్లు ఎత్తుగా పెట్టుకుంటే తగ్గడం చాలామందికి ఉంటుంది, ఈస్ట్రోజెన్ ఉప్పూ నీరూ పట్టి ఉంచుతుంది కాబట్టి. దానికి నీళ్లు తాగడం తగ్గించకండి. కానీ ఐదో నెల దాటాక ఒకే వారంలో కిలోకు పైగా పెరగడం, నిద్రలేచేసరికి మొహం, కనురెప్పలు ఉబ్బి ఉండటం, ఉంగరం బిగుసుకోవడం వేరు. అది కొవ్వు కాదు, ఒక వారంలో అంత కొవ్వు రాదు. అదే రోజు బీపీ, మూత్రంలో ప్రోటీన్ చూపించుకోండి. బీపీ 140/90, ఆ పైన ఉన్నా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకలు కమ్మినా, రొమ్ము ఎముక కింద నొప్పి వచ్చినా ఊరి క్లినిక్‌లో సమయం పోగొట్టకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఏ ఇబ్బందీ లేనివారు కూడా ప్రతి నెల 9న పీహెచ్‌సీలో జరిగే సురక్షిత మాతృత్వ శిబిరంలో డాక్టరు చేత చూపించుకోవచ్చు, ఉచితం.

కాన్పు తర్వాత

బిడ్డ, మాయ, ఉమ్మనీరు, రక్తం కలిపి ఆ రోజే సుమారు ఐదారు కిలోలు తగ్గుతాయి, నీరు రాబోయే ఒకటి రెండు వారాల్లో పోతుంది. మిగిలిన కొవ్వు పాలకు ఖర్చవుతుంది, బాలింతకు పథ్యం పేరుతో పప్పు, కూరలు, పాలు మాన్పించొద్దు. గర్భిణి షుగర్ వచ్చినవారు ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష మళ్లీ చేయించుకోవాలి. ఈసారి పరగడుపున ఒకసారి, తాగిన రెండు గంటలకు ఒకసారి రక్తం తీస్తారు. బిడ్డకు టీకాలు పడేది కూడా ఆరు వారాలకే, కాబట్టి ఆ రోజే ఏమీ తినకుండా బయలుదేరితే రెండు పనులూ ఒకే ప్రయాణంలో అయిపోతాయి. తాగే గ్లూకోజ్ అక్కడ ఉంటుందో లేదో ముందురోజే ఏఎన్ఎంను అడిగి పెట్టుకోండి.